ముప్పై శంఖాలు, ఒక్క ఊపిరి

కోతకు ఇరవై నాలుగు రోజులు

ఈ పుస్తకం నాది కాదు, పలుకు శిక్షకుల బోర్డుది. ప్రతి పేజీలో నాలుగు గళ్లుంటాయి: వచ్చిన మనిషి, పలకాల్సిన మొత్తం, పట్టిన ఊపిరి, రిమార్కులు. మొదటి మూడూ బుద్ధిగా నింపుతాను. నాలుగోది ఎవరూ చదవరని పోయినేడాది తనిఖీలోనే తేలిపోయింది. అందులో తనిఖీ అధికారిని గాడిద అని రాస్తే ఆ మహానుభావుడు దాని కిందే సంతకం పెట్టి వెళ్లాడు. ఇకనుంచి రిమార్కుల గడి నా సొంతం.

ఈ రోజు నా దగ్గర పలుకు నేర్చుకోవడానికి పదకొండు మంది వచ్చారు. అద్దె కట్టడానికి ఒక కుర్రాడు, పెళ్లి హాలుకు బయానా ఇవ్వడానికి ఒక తండ్రి, మిగతావాళ్లు బియ్యానికీ బస్సు పాసుకూ. అందరి గోలా ఒకటే, ఊపిరి చాలడం లేదని. చాలదు మరి. యంత్రాలు మన ముఖాలనూ వేలిముద్రలనూ గొంతులనూ అచ్చుగుద్దినట్టు తయారు చేయడం మొదలుపెట్టాక, మనిషికి సొంతమని చెప్పుకోవడానికి ఊపిరి ఒక్కటే మిగిలింది. డబ్బు ఖర్చు పెట్టాలంటే గాజు గొట్టానికి మూతి ఆనించి, తెర మీద కనబడ్డ మొత్తాన్ని చివరి రూపాయి దాకా ఒక్క ఊపిరిలో పలకాలి. మధ్యలో గాలి పీలిస్తే అక్కడినుంచి పలికింది ఇంకెవరోనని దానికి అనుమానం.

రూపాయి కాస్త బాగున్న రోజుల్లో ఇదొక పని కాదు. ఇప్పుడు టీ నీళ్లకు కూడా పద్మాల్లో పలకాల్సి వస్తోంది. కోటికి పైన వందరెట్లకొక పేరు చొప్పున అర్బుదం, ఖర్వం, పద్మం, క్షోణి, శంఖం అని పాత పేర్లను ప్రభుత్వం అటక మీది నుంచి దింపింది. పోనీ చిల్లర వదిలేసి శంఖాల్లో మాత్రమే చెప్పుకుందామా అంటే అది నేరం. కొట్లవాళ్లు చిల్లరను పైకి సవరించి ధరలను గుండు అంకెలుగా పెంచేయబట్టే రూపాయి ఇలా అఘోరించిందని ఏలినవారి నమ్మకం. అందుకే ప్రతి ధరకూ చిల్లర తోక ఉండాలి.

నా సంగతి వేరు. మిర్చి యార్డులో ఇరవై ఆరేళ్లు వేలం పాడాను. ఒక్క ఊపిరిలో పదిహేడు లాట్ల ధరలు చదివేదాన్ని. మా అక్క హాసిని అదే యార్డులో ముప్పై నాలుగేళ్లు మిరపకాయల తొడిమలు తీసింది. నేను గాలి తగిలే అరుగు మీద నిలబడ్డాను, అక్క దుమ్ములో కూర్చుంది. ఇప్పుడు అక్క ముక్కుకు సన్న గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు. దాన్ని నేను కొనిపెట్టడానికి వీల్లేదు. దాచుకుని అమ్ముకుంటారని, రోగి తన ఊపిరితో తన ఖాతాలోంచే కొనాలని రూలు పెట్టారు. గాలి అందని మనిషి గాలి కొనుక్కోవడానికి గాలి ఊదాలి. ఈ రూలు రాసినవాడు నాకెప్పుడైనా కనబడితే బాగుండును.

అక్క ఈ రోజు పంతొమ్మిది మాటలు పలికింది. సిలిండరు వచ్చింది.

కోతకు పదిహేడు రోజులు

సున్నా రోజు. పొద్దున తొమ్మిదింటికి ఊళ్లో ధరల బోర్డు మీద అంకెలు మారుతాయి. ఒక్కోసారి మధ్యలో సున్నాలు పడి ధర పలకడానికి చిన్నదవుతుంది. అలాంటి రోజు ఊరంతా పరుగో పరుగు. సిలిండరు ఈ రోజు ఒక శంఖం మూడు పద్మాల నలభై లక్షల ఏడు రూపాయలు. ఎనిమిది మాటలు. పిల్లకుర్రాడికి ఇచ్చినా చెప్పేస్తాడు.

అక్కను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పరుగెత్తించాను. సిలిండర్ల కొట్టు మస్తాన్‌వలీది. అక్క ధర పలికి, ఇంకా ఊపిరి మిగిలిందని చూపించడానికి అదే ఊపిరిలో "ఏం వలీ, కుశలమా" అంది. యంత్రం కూత పెట్టింది, లెక్కలో లేని మాటలని. మళ్లీ పలకాల్సి వచ్చింది. ఇంటికొచ్చేదాకా తిట్టాను. అక్క నవ్వుతూనే ఉంది. నవ్వడానికి కూడా గాలి ఖర్చవుతుందని చెప్పినా వినదు.

ఇంట్లో కొలిచాను. పదిహేను మాటలు. వారంలో నాలుగు తగ్గాయి.

కోతకు పన్నెండు రోజులు

కోత వివరాలు చెప్పారు. రూపాయి నుంచి పదిహేడు సున్నాలు తీసేస్తారు. ఇప్పటి శంఖం కొత్త రూపాయి అవుతుంది. సిలిండరు రెండు రూపాయల లోపు. అక్క చేతివేళ్ల మీద లెక్కపెట్టి, "ఒక రూపాయి చిల్లర. ఎంత, నాలుగైదు మాటలు. పడుకుని కూడా చెప్తానే" అంది. చాలా రోజుల తర్వాత ఇద్దరం కడుపునిండా తిన్నాం.

సాయంత్రానికి మెలిక తెలిసింది. పాత డబ్బు కొత్తదిగా మారాలంటే, ఎవరి ఖాతాలో ఉన్న మొత్తాన్ని వాళ్లు ఒక్కసారి పూర్తిగా పలకాలి. కోతకు ముందు మూడు రోజులు గడువు. మనిషికి మూడే ప్రయత్నాలు. పలకలేకపోతే ఖాతాకు తాళం పడుతుంది, విన్నపం పెట్టుకుంటే ఆరు నెలలకు విచారిస్తారు.

అక్క ఖాతాలో యార్డువాళ్లు ఇచ్చిన సెటిల్మెంటు డబ్బు ఉంది. పలకడానికి ఎంత లేదన్నా పాతిక మాటలు. అక్క ఊపిరి ఈ రోజు పన్నెండు. ఆరు నెలల విచారణ ఎవరి కోసమో.

కోతకు తొమ్మిది రోజులు

నిద్ర పట్టక ఆలోచిస్తుంటే తట్టింది. ఖర్చు పెట్టడానికే ఊపిరి కావాలి, జమ కావడానికి అక్కర్లేదు. అక్క ఖాతాలోకి నేను డబ్బు వేయొచ్చు. ధర గుండుగా ఉంటే నేరం గాని, నిల్వ గుండుగా ఉంటే నేరమని ఎక్కడా రాయలేదు. ముప్పై శంఖాలకు ఎంత తక్కువైతే అంత నేను కడితే, అక్క పలకాల్సింది "ముప్పై శంఖాల రూపాయలు" అని మూడే మాటలు.

పలుకు కేంద్రంలో ప్రణీత్ అనే అబ్బాయి ఉన్నాడు. గాజు అద్దం వెనక కూర్చుంటాడు, మర్యాదస్తుడు. అడిగితే రూల్సు పుస్తకమంతా తిరగేసి, తప్పేమీ లేదమ్మా అన్నాడు. నాకన్నా అతనికే ఎక్కువ సంతోషం. వాళ్ల నాయనమ్మకు కూడా అలాగే చేస్తానన్నాడు.

అక్కకు చెబితే, "ఎన్ని బుర్రలే నీకు. యార్డులో ఉన్నప్పుడు ఇందులో సగం వాడినా మేడ కట్టేదానివి" అంది. మా ఇంట్లో మెచ్చుకోలు అలాగే ఉంటుంది. అలా అన్నాక పది నిమిషాలు దగ్గింది.

కోతకు నాలుగు రోజులు

కోత రోజుల్లో కొట్లు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే ఆఖరి సిలిండరు కొన్నాం. సున్నా రోజు కాదు. ధర పదకొండు మాటలు. అక్క మూడోసారికి గాని అందుకోలేదు, పెదవులు నల్లబడ్డాయి. మీట తగ్గించి వాడితే ఇది కోత నాటి సాయంత్రం దాకా వస్తుంది.

ఇక అక్క ఖాతాలో మిగిలింది ఇరవై ఎనిమిది శంఖాల నలభై ఏడు క్షోణుల పదహారు పద్మాల ఎనభై రెండు ఖర్వాల యాభై మూడు అర్బుదాల తొంభై ఒక్క కోట్ల ఇరవై ఆరు లక్షల అరవై నాలుగు వేల నూట డెబ్బై తొమ్మిది రూపాయలు. ఇరవై ఏడు మాటలు. నేను కట్టాల్సింది ఒకటిన్నర శంఖం పైచిలుకు. నా పొదుపంతా తీశాను. చాలక కుట్టుమిషను, నా గాజులు అమ్మాను.

ఐదింటికి జమలు మూసేస్తారు. నాలుగున్నరకు గొట్టం ముందు నిలబడి ఒక శంఖం యాభై రెండు క్షోణుల ఎనభై మూడు పద్మాల పదిహేడు ఖర్వాల నలభై ఆరు అర్బుదాల ఎనిమిది కోట్ల డెబ్బై మూడు లక్షల ముప్పై ఐదు వేల ఎనిమిదివందల ఇరవై ఒక్క రూపాయలు అని ఒక్క ఊపిరిలో దంచాను. వరసలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ప్రణీత్ తెర నావైపు తిప్పి చూపించాడు. ముప్పై, దాని వెనక అన్నీ సున్నాలే. ఇంత అందమైన అంకెను నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికొస్తే అక్క అంది, "రేపే పోదామే. మొదటి రోజే అయిపోద్ది."

నేను వద్దన్నాను. యార్డులో పెద్ద వేలానికి ముందు రెండు రోజులు పాటగాళ్లెవరూ నోరు విప్పేవాళ్లం కాదు. పాలు, బియ్యపు జావ, మౌనం. మూడో రోజు గొంతు తెరిస్తే యార్డు గోడలు అదిరేవి. పొద్దుటి సిలిండరుకే అక్క సగం చచ్చింది. మొదటి రోజు వరస కిలోమీటరు ఉంటుంది. రెండు రోజులు మాట్లాడకుండా పడుకుని, మూడో రోజు పొద్దున పోదాం అన్నాను. వేలం పాటలో నా మాటకు ఎదురులేదని అక్కకు తెలుసు. సరే అన్నట్టు తలూపింది.

కోతకు మూడు రోజులు

మౌనం. అక్కతో పాటు నేను కూడా మాట్లాడకూడదని పెట్టుకున్నాను, నేను మాట్లాడితే తను ఊరుకోదు. జావ తాగించాను. తల దువ్వాను. మధ్యాహ్నం నా చేయి పట్టుకుని ఏదో చెప్పబోయింది. నోటి మీద వేలు పెట్టి, ఎల్లుండి చెప్పు అని సైగ చేశాను. మళ్లీ సాయంత్రం ఒకసారి పెదవులు కదిపింది. కళ్లెర్ర చేశాను. కాగితం ఇద్దామంటే అక్కకు రాయడం రాదు, సంతకం దాకానే.

వీధిలో అందరూ కేంద్రానికి పోయి వస్తున్నారు. అయిపోయినవాళ్లు అరుగుల మీద కూర్చుని గట్టిగా, మామూలుగా, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటూ మాట్లాడుకుంటున్నారు.

కోతకు రెండు రోజులు

అక్క రంగు కొంచెం తేరింది. దగ్గు కూడా తగ్గింది. నా వైద్యం మీద నాకే గర్వం కలిగింది. ఏదైనా చెబుతుందేమోనని చూశాను గాని ఈ రోజు ఏమీ ప్రయత్నించలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ పడుకుంది.

సాయంత్రం ఏడింటికి వీధి లౌడుస్పీకర్లో ప్రకటన వచ్చింది. కష్టకాలంలో ఓర్పు చూపినందుకు రిటైరైన కార్మికులందరికీ ప్రభుత్వం కోత కానుక ప్రకటించింది. ఇంకా పలకనివాళ్ల ఖాతాల్లో ఇప్పటికే వేసేశారట. గుండు అంకె నేరం కదా, అందుకని కానుకకు కూడా తోక పెట్టారు: పదిహేడు కోట్ల నలభై రెండు లక్షల ఎనభై ఒక్క వేల ఆరువందల ముప్పై తొమ్మిది రూపాయలు.

ఆ డబ్బుతో అగ్గిపుల్ల కాదు కదా, దాని తల మీది మందు కూడా రాదు. కానీ పలకాలి. ఇప్పుడు అక్క పలకాల్సింది మూడు మాటలు కాదు, పద్నాలుగు.

కేంద్రానికి పరుగెత్తాను. ఇంకాస్త చిల్లర వేసి మళ్లీ గుండు చేస్తానని బతిమాలాను. జమలు మొన్న ఐదింటికే మూసేశారమ్మా అన్నాడు ప్రణీత్. వాళ్ల నాయనమ్మ మొదటి రోజే పలికేసిందట. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాడు పాపం.

అక్కకు ఎలా చెప్పాలో తెలియలేదు. మౌనం కాబట్టి చెప్పలేదు. తను లౌడుస్పీకరు విన్నట్టు లేదు. 

కోతకు ఒక రోజు

కుర్చీ తోస్తుంటే అక్క మొదటిసారి నోరు తెరిచి, "పద్నాలుగు కదే" అంది. అవునన్నాను. నిన్నటి లౌడుస్పీకరు విననే విందన్నమాట.

కేంద్రంలో గొట్టం ముందు అక్క వెనక నిలబడి వీపు మీద చేయి వేశాను. మొదటిసారి మొత్తమంతా ఎత్తుకుంది. ముప్పై శంఖాల పదిహేడు కోట్ల నలభై రెండు లక్షల. ఏడు మాటలు. యంత్రం కూత పెట్టింది.

ప్రణీత్ బయటికొచ్చి మోకాళ్ల మీద కూర్చుని ఇంకో దారి చెప్పాడు. కానుక వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయొచ్చు. దానికి కానుక మొత్తం మాత్రం పలకాలి, పన్నెండు మాటలు. అది ఒక ప్రయత్నం కింద పోతుంది. అది నెగ్గితే చివరి ప్రయత్నంలో ముప్పై శంఖాల రూపాయలు అని మూడు మాటలు చాలు. ఎవరైనా ఇంకేం ఎంచుకుంటారు. అరగంట విశ్రాంతి ఇచ్చి, సిలిండరు మీట పూర్తిగా తిప్పేశాను. రేపటి గాలి ఇప్పుడే వాడేస్తున్నానని తెలుసు.

అక్క పలికింది. పదిహేడు కోట్ల నలభై రెండు లక్షల ఎనభై ఒక్క వేల. నా అరచేతి కింద వీపు వణుకుతోంది. ఆరువందల. వరసలో వాళ్లు మెడలు సాచి చూస్తున్నారు. ముప్పై తొమ్మిది.

అక్కడ అయిపోయింది. నోరు తెరిచే ఉంది, రూపాయలు అన్న మాట ఆకారం పెదవుల మీద ఉంది, వెనక గాలి లేదు. ఒక్క మాట. ఎవరికి పనికొచ్చే మాట అది. ఆ గొట్టం ముందు రూపాయలు తప్ప ఇంకేం పలుకుతారు ఎవరైనా. ప్రణీత్ అద్దం మీద చెయ్యి ఆనించి, "అనమ్మా, అనేయమ్మా" అన్నాడు. యంత్రం కూత పెట్టింది.

మూడోసారి మళ్లీ పద్నాలుగూ పలకాలి. అక్క నాలుగు పలికింది.

కోత రోజు

అర్ధరాత్రి బాణాసంచా కాల్చారట, నేను చూడలేదు. సిలిండరు ముల్లు ఎర్రగీత దగ్గరుంది.

మొన్న ఏం చెప్పబోయావక్కా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. చెప్పకూడదనా, చెప్పలేననా, మరిచిపోయాననా, నాకు తెలియలేదు. రెండు మూడు సార్లు అడిగాను. అడిగినప్పుడల్లా తనకు ఆయాసం ఎక్కువవుతోందని చూసి మానేశాను. రెండు రోజులు నోరు మూయించిన దాన్ని, ఇప్పుడు మాట్లాడమని ప్రాణం తీస్తున్నాను.

కోత తర్వాత ఒకటో రోజు

కొట్లు తెరిచారు. సిలిండరు రెండు రూపాయల ఏడు పైసలు. నాలుగు మాటలు. అక్క ఇప్పటికీ నాలుగు చెప్పగలదు. ఖాతాకు తాళం పడింది కాబట్టి చెప్పినా పనిలేదు.

నా దగ్గర కొత్త రూపాయలు లేవు. ఉన్నదంతా అక్క ఖాతా తాళంలోనే ఉంది. ఉన్నా, రోగి ఖాతా నుంచి సైగ రానిదే సిలిండరు మూత తెరుచుకోదు. మస్తాన్‌వలీ లెక్కల పుస్తకం మూసేసి లేచాడు. తర్వాత లోపలికి పోయి, వెనక్కి వచ్చిన ఖాళీ సిలిండర్లు పదహారు బయటికి దొర్లించాడు. మూత ఒకసారి తెరుచుకున్నవాటికి తాళం ఉండదు. ఒక్కోదాని అడుగున గంట గాలి, గంటంబావు గాలి మిగిలి ఉంటుంది. ఇద్దరం తోపుడుబండి మీద వేసుకుని ఇంటికి తెచ్చాం. ఒకటి అయిపోగానే ఇంకోదానికి గొట్టం మారుస్తూ కూర్చున్నాడు. డబ్బు మాట ఎత్తితే కసిరాడు.

కోత తర్వాత రెండో రోజు

పదహారోది తెల్లవారుజామున అయిపోయింది. వలీ ఇంకేమైనా దొరుకుతాయేమోనని ఊరి అవతలికి వెళ్లాడు. ఆసుపత్రిలో మంచం ఇవ్వాలన్నా బయానా రోగి ఊపిరితోనే పలకాలి, ఖాతా తెరిచి ఉండాలి. గేటు దగ్గరే ఆపేశారు. గట్టిగా అరిచాను. యార్డు గోడలను అదరగొట్టిన గొంతు అది. ఒక్క కిటికీ కూడా తెరుచుకోలేదు.

పదిన్నరకు అక్క పోయింది. నా చేయి పట్టుకునే ఉంది. ఏమీ అనలేదు.

మొదటి రోజే తీసుకెళ్లి ఉంటే మూడు మాటలు. ముప్పై శంఖాల రూపాయలు. దగ్గుతూ కూడా చెప్పేది. నా తెలివి, నా గొంతు, నా యార్డు పద్ధతి. అక్క మాట్లాడగలిగిన ఆఖరి రెండు రోజులూ మాట్లాడనివ్వలేదు నేను.

కోత తర్వాత పదమూడో రోజు

మనిషి పోతే ఖాతా తాళం వెంటనే తీసేస్తారు. ఆరు నెలలు అక్కర్లేదు. వారసులు వచ్చి పాత మొత్తం పలికి తీసుకెళ్లొచ్చు. పోకూడదనుకున్నాను. మట్టి ఖర్చులకు వలీ దగ్గర చేబదులు తీసుకున్నాను, అతనికీ పిల్లలున్నారు. పోయాను.

ధరలు మళ్లీ పరుగు మొదలుపెట్టాయి. సిలిండరు ఈ రోజు పదకొండు రూపాయల నలభై మూడు పైసలు. కేంద్రంలో వరస బయటి దాకా ఉంది. ప్రణీత్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. గొట్టం తుడిచి నావైపు తిప్పాడు.

ముప్పై శంఖాల పదిహేడు కోట్ల నలభై రెండు లక్షల ఎనభై ఒక్క వేల ఆరువందల ముప్పై తొమ్మిది రూపాయలు అని పలికాను. తడబాటు లేదు, తొందర లేదు. పలికాక కూడా గుండెలో ఇంకా అంత గాలి మిగిలింది. వెనక ఎవరో, ఏం గొంతండీ ఈవిడది అన్నారు. ఆ మిగిలిన గాలిని ఏం చేసుకోవాలో తెలియక కాసేపు అలాగే బిగపట్టి నిలబడ్డాను.

ప్రణీత్ నోట్లు లెక్కపెట్టి అద్దం కింద నుంచి తోశాడు. ముప్పై రూపాయలు. పదిహేడు కోట్లు ఏమయ్యాయి బాబూ అని అడిగాను.

"అది పైసాలో ఎన్నో వంతుకు కూడా రాదమ్మా. కొత్త లెక్కలో వదిలేశారు."

"ఆ వదిలేసేదేదో ఆ రోజే వదిలేసుంటే మా అక్క బతికుండేది" అన్నాను.

అతను తర్వాతివాళ్ల కోసం గొట్టం తుడిచి తిప్పాడు. వెనకవాళ్లు త్వరగా కానివ్వమంటున్నారు. నోట్లు తీసుకుని పక్కకు జరిగాను.